కృష్ణాతీరస్థలములు : శిలలు, భాష, మతము

సహ్యాద్రియందు మహాబలేశ్వరముకడ బుట్టి, హంసలదీవియొద్ద సముద్రమున గలియు కృష్ణానది సుమారు 1400 కిలోమీటర్లు ప్రవహించుచున్నది. ఆంధ్రదేశచరిత్రమునకు మూలసాక్ష్యములగు స్థలములు పెక్కులు ఈ నదీతీరములందే కలవు. పూర్వము పడవలమీదను ఎడ్లబండ్లమీదను మాసముల తరబడి సాగిన యాత్ర నేడు మోటారుబండిలో నాలుగైదు దినములలో ముగియుచున్నది. యాత్ర సులభమైనకొలది చూపు తేలిక యగుచున్నది. గుడి చూచి, గుహ చూచి, ఫలకముపై వ్రాసిన నాలుగు పంక్తులు చదివి మరలివచ్చువారే మెండు. శాసనముకడ నిలిచి, ఇది యే భాష, ఈ భాషయే యేల యని ప్రశ్నించువారు అరుదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకొఱకే వ్రాయబడినది.

మన పాఠశాలలలో ఒక మాట తఱచుగా వినబడుచుండును: ప్రాకృతము బౌద్ధుల భాష, సంస్కృతము వైదికుల భాష, బౌద్ధము క్షీణించి వైదికము ప్రబలినందున శాసనములలో ప్రాకృతము పోయి సంస్కృతము వచ్చినది అని. ఈ మాట వినుట కింపుగా నుండును, గుర్తుంచుకొనుట సులభము. కాని కృష్ణాతీరమునందలి శిలలు దీనిని సమ్మతింపవు. ఏటి ముఖమునుండి యెదురుగా బోవుచు, ఒక్కొక్క స్థలమునకడ నిలిచి, అందలి సాక్ష్య మెట్టిదో విచారింతము.

ఘంటసాల, భట్టిప్రోలు

క్రీస్తుశకము రెండవశతాబ్దమున టాలెమీ యను భూగోళశాస్త్రజ్ఞుడు ఈ నదిని మైసోలస్ అని పేర్కొని, ఈ ప్రాంతమున కంటకొస్సుల యను పట్టణమును జెప్పెను. నాగార్జునకొండశాసన మొకటి కంటకసేలయందలి మహాచైత్యమును బేర్కొనుచున్నది. ఈ రెండును నేటి కృష్ణామండలమునందలి ఘంటసాలయే యని చరిత్రకారులు నిర్ణయించిరి. కంటకసేల యనగా కంటకశైలము. ఐకారము ఏకార మగుటయు, శకారము సకార మగుటయు ప్రాకృతమున సాధారణవిధులు. కాలక్రమమున జనులు అర్థమును మఱచిరి. ధ్వనిని మాత్రము విడువక, తమకు దెలిసిన ఘంటాశబ్దమును శాలాశబ్దమును దానికి గూర్చి ‘ఘంటసాల’ యనిరి. ఊరిపేరు ఇట్లు రెండువేల యేండ్ల సాక్ష్యమును మోయుచున్నను, మోయుచున్న సంగతి ఊరివారికి దెలియకుండుట సంభవించును. అందుచేత స్థలనామమును జూచినతోడనే నేటి యర్థమును జెప్పబూనుట ప్రమాదకరము.

నది దాటి దక్షిణతీరమున భట్టిప్రోలు చేరుదుము. ఇచ్చటి స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ దొర త్రవ్వించెను. అంతకు ముందే స్తూపమునందలి ఇటుకలు బాటలకును, చలువరాళ్లు కాలువపనులకును వినియోగింపబడెను. అట్లు మిగిలిన గర్భమునందు మూడు శిలాకరండములు లభించెను. వానియందు ధాతుస్ఫటికపాత్రలును, వానిపై ప్రాకృతశాసనములును గలవు. కుబిరకు డను రాజు సీహగోఠికి ప్రముఖుడని యందు జెప్పబడినది. సింహశబ్దము సీహ యైనది, గోష్ఠీశబ్దము గోఠి యైనది. క్రీస్తుపూర్వము మూడవ లేక రెండవ శతాబ్దమునాటి యీ శాసనములను బ్యూలర్ పండితుడు పరిష్కరించెను.

ఈ శాసనములందలి లిపి వైయాకరణులకు ప్రత్యేకముగా గమనింపదగినది. సాధారణబ్రాహ్మీలిపిలో హల్లునకు గుర్తు వ్రాసిన, అందు అకారము ఇమిడియే యుండును. భట్టిప్రోలులిపిలో నట్లు గాదు. హల్లు హల్లుగానే యుండును. అకారము కావలెనన్న దానికి వేఱుగా గీత చేర్పవలయును. ఆకారమునకు మఱియొక దీర్ఘచిహ్నము గలదు. మాహేశ్వరసూత్రములందు హల్లులపై గనబడు అకారము ఉచ్చారణార్థమే కాని వర్ణభాగము గాదని మనము శిష్యులకు బోధింతుము. ఆ వివేకమునే ఈ తీరమున నొక లేఖకుడు రాతిపై గుర్తుతో జూపెను. అతడు పాణినీయము చదివెనో లేదో మనము చెప్పజాలము గాని, అచ్చును హల్లును వేఱుచేసి వినగల చెవి యతనికి గలదని మాత్రము రాయి చెప్పుచున్నది. ప్రాకృతము వ్రాసినవారిని శబ్దజ్ఞానము లేనివారని తలచుట యిచ్చటనే తప్పని తేలుచున్నది.

ఉండవల్లి, బెజవాడ

భట్టిప్రోలునుండి యుత్తరాభిముఖముగా బోయిన కృష్ణ రెండుకొండల నడుమ నిఱుకై పాఱుచోట బెజవాడ యున్నది. ఇచ్చట 1855 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. దాని స్థానమున నిర్మింపబడిన ప్రకాశము బ్యారేజి 1957లో పూర్తియయ్యెను. దక్షిణతీరమున ఉండవల్లికొండను దొలిచి నాలుగంతస్తుల గుహాలయమును గావించిరి. అందు శేషశాయియగు విష్ణుమూర్తి విగ్రహము కొండరాతిలోనే మలచబడి యున్నది. విష్ణుకుండినుల కాలమున నిది వెలసినదని పెక్కుఱ అభిప్రాయము. గుహల రూపమును బట్టి యిది తొలుత బౌద్ధవిహారమై యుండునని తలచినవారును గలరు. ఒకే కొండయొద్ద ఇట్లు రెండుమతముల వారి పేరు వినబడుట ఈ నదీతీరమున మాటిమాటికి గనబడు విషయము.

విష్ణుకుండినుల మాట వచ్చినది గావున వారి శాసన మొకటి యిచ్చటనే స్మరింపవలయును. కృష్ణకు ఉపనదియగు మూసీపరీవాహమున తుమ్మలగూడెములో దొరకిన గోవిందవర్మ తామ్రశాసనము బౌద్ధవిహారమునకు జేసిన దానమును దెలుపుచున్నది. దాని భాష సంస్కృతము. బౌద్ధులకు ప్రాకృతమే తగునన్నచో ఈ రాజు సంస్కృతమున నేల వ్రాయించెను? ఈ ప్రశ్నను మనసున నుంచుకొని ముందునకు బోదము.

బెజవాడ మల్లేశ్వరాలయమునందు యుద్ధమల్లుని శాసనము గలదు. జయంతి రామయ్యపంతులుగారు దీనిని పరిష్కరించి ప్రకటించిరి. మధ్యాక్కరలలో నున్న యీ తెలుగుశాసనము నన్నయభట్టునకు పూర్వపుదగుటచే సాహిత్యచరిత్రకారు లందఱు దీనిని స్మరింతురు. చాళుక్యవంశ్యుడగు యుద్ధమల్లుడు కుమారస్వామికి గుడియు మఠమును గట్టించెననియు, ఆ మఠమున గొరగలు దప్ప నితరులు వసింపరాదనియు నందు గలదు. దేవాలయమునకు సంబంధించిన నిబంధన తెలుగుపద్యములలో నేల చెక్కబడెను? చదివి నడువవలసినవారు ఆ యూరివారు గనుక. శాసనభాషను నిర్ణయించుటలో దేవు డెవ్వడన్నదానికంటె, చదువరి యెవ్వడన్నదే బలవత్తరమగు కారణమని యీ శిల సూచించుచున్నది.

అమరావతి, ధరణికోట

బెజవాడకు ఎగువను దక్షిణతీరమునందే అమరావతి యున్నది. 2015లో నూతనరాజధానికి ఇదే పేరు పెట్టబడినందున, పేరు విని దారితప్పు యాత్రికులు గలరు. స్తూపమున్నది పాత అమరావతిగ్రామమున. దానిని ఆనుకొనియున్న ధరణికోటయే ప్రాచీన ధాన్యకటకము. ప్రాకృతశాసనములందిది ‘ధంఞకడ’ యని కనబడును. న్యకారము ద్విరుక్తానునాసికమగుట, రెండచ్చుల నడుమ టకారము డకారమగుట, తుది కకారము లోపించుట యనునవి మన ప్రాకృతవ్యాకరణములందు జెప్పబడినవే. కటకశబ్దమే జనులనోట కోట యై, ధాన్యశబ్దము ధరణి యైనదని నాకు దోచుచున్నది. ఘంటసాలయందు జరిగినదే యిచ్చటను జరిగియుండును. 1960 తరువాత నిచ్చట జరిగిన త్రవ్వకములలో ఓడరేవుగట్టును, నదినుండి పట్టణమునకు వచ్చు పడవకాలువయు బయల్పడినవి.

స్తూపము వ్యాసము సుమారు 160 అడుగులు. శాసనములు దీనిని మహాచేతియ మనుచున్నవి. వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనము చైత్యకశాఖీయుల మహాచైత్యముగా దీనిని బేర్కొన్నది. దానమిచ్చినవారిలో రాజులకంటె గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, చర్మకారుడు మున్నగువారే యెక్కువ. వీరందఱు వ్రాయించిన భాష ప్రాకృతము. ఇది మతభాష యనుటకంటె నాటి లోకవ్యవహారమునకు జేరువయైన లేఖనభాష యనుటయే యుచితము.

ఈ స్తూపము చెడినవిధ మెఱుగదగినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి అమరావతికి నివాసము మార్చినప్పుడు, ఇంటికట్టడములకై దీపాలదిన్నె యను దిబ్బను త్రవ్వింప చలువరాళ్లు బయల్పడెను. 1797లో కాలిన్ మెకంజీ దొర దీనిని జూచెను. 1816లో మరల వచ్చునప్పటికి దిబ్బనడుమ కోనేరు త్రవ్వబడియుండెను. అతడు మిగిలినవానిని చిత్రములు వ్రాయించెను. నేడు కానరాని కొన్ని రాళ్లకు ఆ చిత్రములే సాక్ష్యము. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన రాళ్లు మద్రాసునకు బోయి, యెండకు వానకు నాని, 1859లో లండనునకు బంపబడెను. 1880లో బ్రిటిషు మ్యూజియమును జేరెను. 1877లో సీవెల్ కొంత త్రవ్వెను. 1880లో మద్రాసుగవర్నరు ఉత్తరువున దిబ్బయంతయు త్రవ్వివేయబడెను. పిమ్మట వచ్చిన బర్జెస్ దొరకు మిగిలినది గొయ్యియు, చుట్టును బడియున్న రాళ్లును. రాళ్లు నశింపలేదు, లండనునను మద్రాసునను అమరావతిసంగ్రహాలయమునను నేటికిని జూడవచ్చును. నశించినది వాని స్థానము. ఏ రాయి యే దిక్కున, దేనిప్రక్క నుండెనో చెప్పు సాక్ష్యము పెక్కింటికి బోయినది.

ఇది శిల్పశాస్త్రజ్ఞుల చింతయే గాదు. మన భాషకును నష్టమే. ఇచ్చటి శిలాశకల మొకదానిపై ‘నాగబు’ అను నక్షరములు గలవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దీనిని తెలుగుమాటగా గుర్తించిరి. అట్లైన తెలుగుశబ్దమునకు లభించిన లిఖితసాక్ష్యములలో నిది మిక్కిలి ప్రాచీనమగును. నాగబుద్ధుడు వంటి పేరునకు ఇది పూర్వఖండమే కాని తెలుగు గాదని మఱికొందఱు వాదించిరి. వ్యాకరణమును బట్టి మొదటిపక్షము అసంభవము గాదు. సర్పార్థమున నాగశబ్దము అమహద్వాచకము. అట్టి యదంతతత్సమములకు ప్రథమైకవచనమున మువర్ణకము వచ్చును. దానికి బువర్ణకము రూపాంతరము. అనుస్వారమును వ్రాయక విడుచుట ప్రాకృతశాసనములందు అరుదు గాదు. రెండవపక్షమును అసంభవము గాదు. బుద్ధశబ్దము చేరిన పేళ్లు స్తూపములయొద్ద సహజములే. ఈ తగవును వ్యాకరణము తీర్పజాలదు. తీర్పగలది ఆ రాతిప్రక్క నుండిన రాయి యొక్కటియే. అది యెచ్చటికి బోయెనో తెలియదు గనుక, తెలుగుభాష పుట్టుపత్రమునందలి యొక పంక్తి నేటికిని సందిగ్ధముగనే మిగిలినది.

అమరావతియందే దొరకి మద్రాసు సంగ్రహాలయమునకు బోయిన మఱియొక స్తంభము మన విచారమునకు ముఖ్యమైనది. అది పల్లవసింహవర్మ శాసనము. ఎనిమిదిపలకల యీ స్తంభముపై నున్న శ్లోకములను పైనుండి క్రిందికి జదువగా అసంపూర్ణముగా దోచెను. హుల్ట్ష్ పండితుడు రెండవమాఱు చూచి, దీనిని క్రిందినుండి పైకి జదువవలెనని కనుగొనెను. అట్లు చదువగా పదునొకండు శ్లోకములును, తుది విఱిగిన గద్యభాగమును స్పష్టమయ్యెను. ఇందు పల్లవుల వంశావళి చెప్పబడి, సింహవర్మ ధాన్యఘటమునకు వచ్చి బుద్ధుని సేవించినట్లు గలదు. బుద్ధస్తుతితో నారంభమై బౌద్ధక్షేత్రమును గొనియాడు ఈ శాసనము పరిశుద్ధసంస్కృతకావ్యము. అదే పల్లవవంశమున శివస్కందవర్మ యువమహారాజుగా నుండి నరసరావుపేటసమీపమున దొరకిన మైదవోలుతామ్రశాసనమును వ్రాయించెను. ధంఞకడయందలి యధికారికి ఆజ్ఞాపించుచు, ఇద్దఱు బ్రాహ్మణులకు గ్రామమిచ్చిన ఆ శాసనము ప్రాకృతము. అనగా ఒకే వంశమువారు, ఒకే పట్టణమునుద్దేశించి, బ్రాహ్మణులకు ప్రాకృతమునను బుద్ధునకు సంస్కృతమునను వ్రాయించిరి. మతమే భాషకు హేతువైనచో ఇది తాఱుమాఱుగా నుండవలసినది. భేదము కాలమునందు గలదు, మతమునందు గాదు. మైదవోలుశాసనము ముందరిది, స్తంభశాసనము తరువాతిది.

ఇచ్చటి అమరేశ్వరాలయస్తంభములపై 1182 నాటి కోటకేతరాజు శాసనములు గలవు. శివాలయస్తంభముపైననే ధాన్యకటకమునందలి బుద్ధదేవునకు జేసిన గ్రామదీపదానములు వ్రాయబడెను. 1344 నాటి సింహళమునందలి గడలదెనియశాసనము ధర్మకీర్తిస్థవిరుడు ధాన్యకటకమున బుద్ధాలయమును బాగుచేయించెనని చెప్పుచున్నది. కావున సంస్కృతము వచ్చిన పిమ్మటను, తెలుగు వచ్చిన పిమ్మటను వేయేండ్లవఱకు బుద్ధపూజ యిచ్చట సాగుచునే యుండెను. ప్రాకృతము పోవుటయు బౌద్ధము పోవుటయు ఒకటి గాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

జగ్గయ్యపేట

కృష్ణ కుత్తరమున, పాలేటిచెంత జగ్గయ్యపేట స్తూపమున్నది. 1882లో బర్జెస్ దీనిని పరిశీలించెను. ఇచ్చటి మాంధాతచక్రవర్తి శిల్పము మద్రాసు సంగ్రహాలయమున నున్నది. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదియవ రాజ్యసంవత్సరమున, కమ్మకరఠమునకు జెందిన సిధథు డను శిల్పి యైదు ఆయకస్తంభములను నిలిపెనని శాసనములు చెప్పుచున్నవి. సిద్ధార్థశబ్దమే సిధథ యైనది. రాష్ట్రశబ్దమే రఠ యైనది. ఒకేశాసనము ఒకటికంటె నెక్కువ స్తంభములపై జెక్కబడినది. ఒకచోట అక్షరము చెడినను మఱియొకచోట దొరకును. దానము చేసినవాడు తానే శిల్పి యగుటచే రాతి యాయువెంతో, దాని కపాయ మెట్లు కలుగునో యెఱిగినవాడు.

నాగార్జునకొండ

మాచర్లమీదుగా బోయి, విజయపురి దక్షిణతీరమున మరపడవ యెక్కిన, జలాశయమధ్యమునందలి ద్వీపమును జేరుదుము. ఈ ద్వీపము పూర్వము కొండ. చుట్టును గల లోయయే ఇక్ష్వాకుల విజయపురి. నాగార్జునకొండ యను పేరు తరువాతిది. శాసనములు దీనిని సిరిపవత మనుచున్నవి. 1926లో సూరపరాజు వేంకటరామయ్యగా రను స్థానికపాఠశాలోపాధ్యాయుడు ఇచ్చట ప్రాచీనస్తంభమును జూచి ప్రభుత్వమునకు దెలిపిరి. శాసనశాఖయందు తెలుగుసహాయకులగు రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచి స్థలప్రాముఖ్యమును గుర్తించిరి. పిమ్మట లాంగ్‌హర్స్టు, టి. ఎన్. రామచంద్రన్ గార్లు త్రవ్వకములు జరిపిరి. వోగెల్ పండితుడు శాసనములను పరిష్కరించెను.

ఈ శాసనములే మన విచారమునకు ప్రధానసాక్షులు. ఇక్ష్వాకుకులమును ‘ఇఖాకు’ లని వ్రాసిన ఈ శాసనములందు చాంతమూలమహారాజు అగ్నిష్టోమ వాజపేయ అశ్వమేధములు చేసినవాడనియు, మహాసేనుని భక్తుడనియు గీర్తింపబడెను. అశ్వమేధయాజియొక్క కీర్తి యంతయు ప్రాకృతమున నున్నది! ఆ మాటలు వ్రాయించినవారిలో ముఖ్యురాలు ఆయన సోదరి చాంతిసిరి. ఆమె బుద్ధునకు మహాచైత్యము నిర్మింపజేసినది. అన్న యజ్ఞములు చేసెను, చెల్లెలు స్తూపము గట్టించెను, ఇద్దఱిమాటయు ఒకేభాషలో నొకేరాతిపై నున్నది. బోధిసిరి యను నుపాసిక వ్రాయించిన శాసనము కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, తామ్రపర్ణి మున్నగు దేశములవారికి ధర్మము బోధించిన యాచార్యులను బేర్కొనుచున్నది. ఇన్నిదేశములవారు వచ్చిపోవుచోట అందఱికి దెలియు లేఖనభాష యొకటి కావలెను. నాడు ఆ పని చేసినది ప్రాకృతము.

ఇచ్చట పూర్వపక్షి యొక యాక్షేపము చేయవచ్చును. ఎహువులచాంతమూలుని పదునొకండవ రాజ్యసంవత్సరమున ఎలిశ్రీ యను సేనాని కట్టించిన సర్వదేవాలయశాసనము సంస్కృతము. ఆభీరవసుసేనుని ముప్పదియవసంవత్సరపు అష్టభుజస్వామిశాసనము ప్రాకృతచ్ఛాయగల సంస్కృతము. ఒకే లోయలో స్తూపముకడ ప్రాకృతము, దేవాలయముకడ సంస్కృతము గనబడుచుండగా, మతమునుబట్టి భాషయనుట నిజము గాదా యని. ఈ యాక్షేపము బలముగలదే, త్రోసివేయదగదు. కాని యిది చూపునది ఆరంభమును మాత్రమే. సంస్కృతలేఖనము ఈ తీరమున దేవాలయములద్వారమున ముందుగా ప్రవేశించి యుండవచ్చును. ప్రవేశించిన పిమ్మట నది యొక మతమువారి సొత్తుగా నిలువలేదు. తుమ్మలగూడెమున బౌద్ధవిహారమునకును, అమరావతియందు బుద్ధస్తుతికిని అదియే వాడబడెను. అట్లే ప్రాకృతము దేవాలయసంస్కృతము పుట్టిన పిమ్మటను బ్రాహ్మణదానమునకు మైదవోలున వాడబడెను. ద్వారము వేఱు, ఇల్లు వేఱు. ఒకభాష యే ద్వారమున వచ్చెనో చూచి, ఆ యిల్లంతయు ఆ ద్వారపాలకునిదే యనరాదు.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడెను. లోయ మునుగునని తెలిసిన పిమ్మట 1954 మొదలుకొని 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యవమున విస్తృతమైన త్రవ్వకములు జరిగెను. నూఱింటికి పైగా స్థలములు బయల్పఱుపబడి, కొలతలతో చిత్రములతో నమోదయ్యెను. తొమ్మిదికట్టడములు కొండపైకి తరలింపబడి మరల గట్టబడెను. పదునాలుగింటికి చిన్నరూపములు చేయబడెను. కొన్ని కట్టడములు అనుపునకు మార్పబడెను. ఎగువనున్న ఏలేశ్వరమును ఇట్లే త్రవ్వి చూచిన పిమ్మట మునిగినది.

అమరావతిని నాగార్జునకొండతో బోల్చి చూడుడు. అమరావతియందు భూమి యున్నది, రాళ్లు పోయినవి. ఏ రాయి యెక్కడిదో పెక్కింటికి దెలియదు. నాగార్జునకొండయందు భూమియే నీటగలిసినది; ఐనను ఏ శాసనము ఏ విహారమున నుండెనో చెప్పగలము. పై విచారణలో సర్వదేవాలయమునకొక భాష, మహాచైత్యమునకొక భాష యని మనము వేఱుచేసి చెప్పగలుగుట ఆ నమోదువలననే. అవి గుర్తులేక యొకచోట గుప్పగా బడియున్నచో, మన వాదమునకును పూర్వపక్షివాదమునకును గూడ ఆధారము లేకపోవును. చిరస్థాయి రాయి గాదు. దానిని గూర్చి సరిగా వ్రాసి యుంచిన వ్రాత.

శ్రీశైలము, అలంపురము

ఇక్ష్వాకుశాసనములందలి శ్రీపర్వతము నాగార్జునకొండలోయయందు గలది. విష్ణుకుండినులు తాము శ్రీపర్వతస్వామి పాదానుధ్యాతుల మని చెప్పుకొనిరి. తరువాతికాలమున శ్రీపర్వతమన్న శ్రీశైలమునకే రూఢి యయ్యెను. నల్లమలశ్రేణికంతకు జెల్లిన పేరు ఒక శిఖరమునకు నిలిచినదనుట యుక్తము. ఇట్టి తావుల పర్యాయపదములను జూచి స్థలైక్యము చెప్పుట తగదు. శైలశబ్దము పర్వతశబ్దమునకు పర్యాయమే కాని, ఆ శైలము ఈ పర్వతమే యని కోశము చెప్పదు. శ్రీశైలమునకు మెట్లు గట్టించిన ప్రోలయవేమారెడ్డి కీర్తి, ప్రాకారకుడ్యములందలి శిల్పములు, సంస్కృతాంధ్రకర్ణాటశాసనములు వేఱువ్యాసమునకు దగినవి.

తుంగభద్ర కృష్ణతో గలియు ప్రాంతమున అలంపురమున్నది. ఏడు, ఎనిమిది శతాబ్దములనాటి బాదామిచాళుక్యుల తొమ్మిది బ్రహ్మాలయములు తుంగభద్రాతీరమున గలవు: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మలు. బ్రహ్మనామము గలవైనను ఇవి శివాలయములు. నామమాత్రమున దేవతను నిర్ణయింపరాదనుటకు ఇది మఱియొక నిదర్శనము. సంగమస్థానమున కూడవెల్లియందుండిన సంగమేశ్వరాలయము శ్రీశైలజలాశయమున మునుగనున్నందున, రాయిరాయికి గుర్తులు పెట్టి విప్పి, అలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి.

ఉపసంహారము

ఇంతవఱకు జెప్పినదానిని సంగ్రహింతును. భట్టిప్రోలుమొదలు విజయపురివఱకు ప్రాకృతము రాజునకు శిల్పికి వర్తకునకు, బౌద్ధునకు యజ్వకు సమానమైన లేఖనభాష. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దముల సంధిలో సంస్కృతము దేవాలయశాసనములలో గనబడి, పిమ్మట బౌద్ధదానములకును వ్యాపించెను. ఆ తరువాత తెలుగు, చదువవలసినవారి భాషగా రాతిపై నిలిచెను. ఈ మూడుమార్పులలో దేనిని గూడ ఒక మతము జయించుటయనియు మఱియొక మతము ఓడుటయనియు చెప్పుటకు ఈ తీరమున ఆధారము లేదు. సంస్కృతవ్యాకరణమునకే జీవితమును వెచ్చించిన నాబోటివానికి, సంస్కృతము వైదికులసొత్తు మాత్రమే యనుట గౌరవముగా దోపవచ్చును. కాని బుద్ధుని స్తుతించిన సింహవర్మశ్లోకములను మన వాఙ్మయమునుండి త్రోసివేసిన నష్టపోవునది సంస్కృతమే. అశ్వమేధయాజి కీర్తిని మోసిన ప్రాకృతమును అపభ్రష్టమని యెంచిన నష్టపోవునది వైదికచరిత్రమే.

పాఠశాలాపండితులకు నాదొక మనవి. శిష్యులను ఈ స్థలములకు దీసికొనిపోవునప్పుడు, రాజుల పేళ్లు వల్లెవేయింపక, ఒక్కశాసనమునైన నక్షరమక్షరముగా జదివింపుడు; సిరిపవతము శ్రీపర్వత మెట్లయ్యెనో వారినే కనుగొననిండు. మఱియు మీమీ గ్రామములలో గుడిగోడయందో, చెఱువుకట్టయందో, పొలముగట్టుననో అక్షరములున్న రాయి కనబడిన, దానిని కదల్పకుడు. అది యెచ్చట నున్నదో, ఏ దిక్కునకు మొగమై యున్నదో, దానిప్రక్క నేమున్నదో వ్రాసికొని, ఛాయాచిత్రము దీసి, పురావస్తుశాఖకు దెలుపుడు. నాగార్జునకొండ ఒక పాఠశాలోపాధ్యాయుని లేఖవలన లోకమునకు దెలిసినది. ‘నాగబు’ సందేహమును దీర్పగల రాయి యే యింటి గడపక్రిందనో యుండదని యెవ్వరు చెప్పగలరు?